చుట్టాల నీళ్ళు

సాంపుల్ అంటే ఏందని పొన్నమ్మకి ఎవురూ చెప్పాల్సిన పనిలేదు. తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్ అవతల ఒక చిన్న కంపెనీలో రబ్బరు వాషర్లు ఏరే పని ఆమెది. మంచివి ఒక ట్రేలో, పనికిరానివి ఒక ట్రేలో. ఆ పనిలోనే తల నెరిసింది. కొనేవాళ్ళు చూడను వస్తారని తెలిస్తే చాలు, సూపర్‌వైజరు పచ్చయ్యప్ప గస పెట్టుకుంటా వచ్చేవాడు. "పొన్నక్కా, మంచి ట్రే ముందర పెట్టు, ఆ రెండోది బెంచీ కిందికి తొయ్యి" అనేవాడు. వచ్చినోళ్ళు ముందర ఉండే ట్రేలో చెయ్యి పెట్టి, నాలుగు తీసి చూసి, బాగుండాయని పోయేవాళ్ళు. ఇందులో మోసం ఉందని ఆమెకి ఏనాడూ తోచలేదు. ఇంటికి మనిషి వస్తే చినిగిన చాప వేస్తామా? ఉన్నదాంట్లో మంచిది తీసి వేస్తాము. సాంపుల్ కూడా అంతే అనుకునేది.

ఆ తెలివే ఆఖరికి ఆమె కొంప ముంచింది.

పొన్నమ్మకి ఒక్కతే కూతురు, శోభన. పొన్నమ్మ మొగుడు ఆనందరాజ్ పట్టాభిరామ్‌లో వాచ్‌మెన్. పోతాడు, వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. పాపం ఆయన్ని ఈ కథలోకి లాగి కష్టపెట్టడం ఏమిటికి. శోభన మాత్రం చదివి చదివి మద్రాసులో పీహెచ్‌డీకి చేరింది. వీధిలో ఆడోళ్ళు ఊరుకుంటారా? "ఇంగా ఎన్నాళ్ళు చదువుతుంది మే నీ బిడ్డ? డాక్టరంటావు, ఏ ఆస్పత్రిలో కూర్చుంటుంది?" అని దెప్పేవాళ్ళు. "ఆస్పత్రి డాక్టరు కాదు మే, నీళ్ళ డాక్టరు. మనం తాగే నీళ్ళకి ఏం జబ్బు ఉండాదో చూస్తుంది" అని పొన్నమ్మ మూతి తిప్పుకోని పోయేది. లోపల మాత్రం ఆ ప్రశ్న ఇంకొకసారి అడిగితే బాగుండునని ఉండేది.

ఆ మాటలో పెద్ద తప్పేమీ లేదు. తిరుత్తణి చుట్టుపక్కల పల్లెల్లో బోరునీళ్ళ మింద శోభన చదువు. చూస్తే తేటగా, తాగితే కమ్మగా ఉండే నీళ్ళలో కూడా ఫ్లోరైడు అని ఒకటి ఉంటుందంట. చిన్నబిడ్డల పళ్ళకి గార పట్టిస్తుంది, పోనుపోను ఎముకల్ని వంచేస్తుంది. ఏ పల్లెలో అది ఎంత ఉండాదో కొలవాల, అదీ పని. సీసాల మింద ఊరి పేరు రాసి, ఇంటింటికీ ఇచ్చి, తెల్లారి మోటరు వేసినప్పుడు ఎవురి బోరుకాడ వాళ్ళ చేత పట్టించి, సాయంత్రానికి మద్రాసు ల్యాబుకి చేర్చేది. ప్రతి ఊర్లో తానే పక్కన నిలబడి పట్టించింది. ఒక్క ఎర్రకండ్రిగలో తప్ప.

ఎర్రకండ్రిగ పొన్నమ్మ పుట్టినూరు. తమ్ముడు చెంగయ్య, మరదలు మునెమ్మ, వాళ్ళ బిడ్డ ప్రియంక ఆడే ఉండారు. ఆ ఊరి వంతు వచ్చినప్పుడు శోభనకి జరం వచ్చి లేవలేకపోయింది. సీసాలు ముందే ఇచ్చేసి ఉంది, ల్యాబులో చెప్పేసి ఉంది. "నువ్వు పోయి మామ ఇంట్లో ఉండు మా. తెల్లారి అందరూ పట్టినారా లేదా చూసి, సీసాలు ఎత్తుకోని రా. అంతే" అని తల్లిని పంపించింది.

అంతేనా? పొన్నమ్మ అంతటితో ఊరుకునే మనిషా!

ఆ సాయంత్రం తిన్నెల మింద కూర్చోని ఆడోళ్ళందరికీ చెప్పింది. "నా బిడ్డ పరీక్ష ఇది. సీసా మింద మన ఊరి పేరు రాసి ఉండాది, చూసినారు గదా? మద్రాసులో పెద్ద పెద్దోళ్ళు దాన్ని ఎత్తి చూస్తారు. మంచి నీళ్ళు పొయ్యండి మే, మా పాప పరువు తియ్యొద్దండి." ఎర్రకండ్రిగ ఆడోళ్ళకి అంతకు ముందే మనసులో ఒక పోటు ఉంది. పళ్ళ గార చూసి ఆ ఊరి పిల్లల్ని పక్క ఊర్లోళ్ళు వెక్కిరిస్తారు. ఊరి పేరు రాసిన సీసాలో చెడ్డ నీళ్ళు పోసి ఎవురు పంపుతారు? చుట్టాలు వస్తే ఇచ్చేదానికని ప్రతి ఇంట్లోనూ మూల ఒక క్యాను నీళ్ళు కొని పెట్టుకోనుంటారు. అవి ఇంటివాళ్ళు తాగరు. వచ్చినోళ్ళకే. తెల్లారి ఆ క్యాను వంచి సీసాల నిండా పోసినారు. మునెమ్మ అయితే సీసా బయట తడి కూడా కొంగుతో తుడిచి ఇచ్చింది.

పొన్నమ్మ వాటిని సంచిలో సర్దుకోని, తిరుత్తణిలో రైలెక్కి, ఒళ్ళో పెట్టుకోని వచ్చింది. పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చింది.

ల్యాబు లెక్కలు వచ్చినాయి. అన్ని ఊర్లకీ ఏదో ఒక రోగం ఉంది, ఎర్రకండ్రిగ నీళ్ళు మాత్రం బంగారం. శోభన ఆ కాయితం ముందర పెట్టుకోని చానాసేపు చూసింది. "విచిత్రంగా ఉండాది మా. అన్ని ఇండ్ల నీళ్ళూ ఒకే మాదిరి వచ్చినాయి" అంది. "మా ఊరి నీళ్ళు ఎప్పుడూ మంచివే" అంది పొన్నమ్మ, బియ్యం కడుగుతా. తల ఎత్తి చూడలేదు కూడా.

ఆ తర్వాత వచ్చింది ట్రైనింగు.

పీహెచ్‌డీలు చేసేవాళ్ళు రాసి రాసి బీరువాల్లో పెడతారు, సర్కారు దాన్ని తిరిగి చూడదు; కాబట్టి వీళ్ళకి సర్కారుతో మాట్లాడే విద్య నేర్పించాలని ఎవురో పుణ్యాత్ములు పెట్టినారంట. కొందరినే ఎంచుకుంటే అందులో శోభన ఒకతె. తిరువళ్ళూరులో ఒక హాల్లో వారం వారం నడిచేది. నేర్పించేది కోదండరామ అని ఒక పెద్దాయన. కోటలో, అంటే సెక్రటేరియట్‌లో, ముప్పై ఏండ్లు ఫైళ్ళు నడిపి రిటైరైనాడు. తిరుత్తణి పక్క రైతుల ఇంటి బిడ్డ, శోభనతో తెలుగులోనే మాట్లాడేవాడు. "మీరు ఐదేండ్లు చదివింది ఆఫీసరుకి వద్దు తల్లీ. ఆయనకి ఒక్కటే కావాల. ఇప్పుడు నేను దేని మింద సంతకం పెట్టాల? అది మూడు నిమిషాల్లో చెప్పలేకపోతే మీ చదువు బూడిదలో పోసిన పన్నీరు" అనేవాడంట. ఒక్క పేజీ. అడిగేది ఒక్కటే. ఊర్ల పేర్లు వాళ్ళు అడిగినప్పుడే చెప్పాల. కంటితో చూసింది కథ, కొలిచింది రుజువు, కథలు ఇంట్లో పెట్టుకోండి అనేవాడు. నిజానికి మంచి మనిషి. తన సర్వీసులో ఎన్ని మంచి కాయితాలు చదివేవాడు లేక చచ్చిపోయినాయో చూసినోడు. ఆ బాధతోనే నేర్పించేవాడు.

ఆ పాఠాలకి ఇంట్లో ఆఫీసరు పొన్నమ్మే.

"నువ్వు పెద్దాఫీసరు మా. నీకు టైము లేదు. ఫోను మోగుతా ఉంటుంది" అని శోభన చెప్తే, పొన్నమ్మ చిన్నెర్రగడ్డలు, అదే సాంబారు ఉల్లిపాయలు, వొలుస్తా గొంతు మార్చి, "సొల్లుంగ, సొల్లుంగ, సీక్కిరం" అని అరవంలో దబాయించేది. చెప్పు, తొందరగా చెప్పు అని. శోభన గొంతు సవరించుకోని మొదలుపెట్టేది. ఈ పల్లెల్లో బిడ్డలు తాగే నీళ్ళే వాళ్ళ ఎముకల్ని తింటా ఉన్నాయి. పైపులో మంచి నీళ్ళు తెచ్చే పథకం ముందు ఎక్కడికి పోవాలో మా దగ్గర లెక్క ఉంది. అంతే, ఊరి పేరు ఒక్కటి కూడా ఉండేది కాదు. రెండో నిమిషం లోపలే పొన్నమ్మ కండ్లల్లో నీళ్ళు తిరిగేవి. "ఆఫీసరు ఏడవకూడదు మా!" అని శోభన నవ్వేది. "ఎర్రగడ్డలే, ఎర్రగడ్డలు" అనేది పొన్నమ్మ. ఆ నెలలు వాళ్ళిద్దరికీ చానా బాగుండినాయి. ఆ మాట కూడా చెప్పుకోవాల.

ఒక సాయంత్రం శోభన మొహం వేలాడేసుకోని వచ్చింది.

"ఏంది అట్లా ఉండావు?"

"సారు ఒక లైను కొట్టెయ్యమన్నాడు మా. ఎర్రకండ్రిగలో నీళ్ళు పట్టేటప్పుడు నేను లేను, ఆ లెక్క మింద నాకు అనుమానం ఉండాది అని రాసినాను. ఆ లైను చూస్తే ఆఫీసరు మొత్తం కాయితాన్నే నమ్మడంట. తప్పుంటే తప్పని తెలుసుకోని రా, లేకపోతే కొట్టెయ్యి, ఊరికే అనుమానం రాయొద్దు అన్నాడు."

"నువ్వు లేకపోతే ఏమి? నేను ఉన్నాను గదా" అంది పొన్నమ్మ.

శోభన ఆమె మొహంలోకి చూసింది. "నువ్వు ఉన్నావు, గదా మా?"

"నా కండ్ల ముందరే నింపినారు."

ఆ మాటలో అబద్ధం ఒక్కటి కూడా లేదు. శోభన పెన్సిలు తీసుకోని ఆ లైను కొట్టేసింది.

ఆఖరి రోజు నిజమైన ఆఫీసర్ల ముందర మాట్లాడాల. ఇంటోళ్ళు రావచ్చునంటే పొన్నమ్మ కంపెనీకి లీవు పెట్టి, పెండ్లికి కట్టే చీర కట్టుకోని పోయింది. వెనక వరసలో కుర్చీ అంచున కూర్చునింది. నీళ్ళ పనులు చూసే ఆఫీసు నుంచి వచ్చిన పార్థిబన్ అనే పెద్దాఫీసరు నిజంగానే ఫోను చూసుకుంటా ఉన్నాడు. శోభన మొదలుపెట్టింది. రెండో నిమిషంలో ఆయన ఫోను బోర్లా పెట్టినాడు. పొన్నమ్మకి ఒళ్ళు పులకరించింది.

"సరి మా. ఏ ఊర్లు?" అని అడిగినాడు ఆయన.

గోడ మింద పట్టిక వచ్చింది. పైన ఎర్ర రంగులో కొన్ని ఊర్లు, మధ్యలో పసుపు, అడుగున పచ్చ రంగులో ఒకే ఒక్క ఊరు. పొన్నమ్మ అరవం బాగానే చదువుతుంది. ఎర్రకండ్రిగ.

"ఈ కడాసి ఊరు? ఆఖరిది?"

"ఆ ఊరికి ఇప్పుడు అవసరం లేదు సార్. ఆడ నీళ్ళు బాగుండాయి. ఆ పైపులు పై ఊర్లకి పోతే ఎక్కువమందికి మేలు" అంది శోభన. గొంతు వణకలేదు.

అప్పుడు కోదండరామ లేచినాడు. "సార్, ఒక్క మాట. ఆ కడాసి ఊరు ఈ పాప అమ్మమ్మ ఊరు. ఈమె మేనమామ ఆడే ఉండాడు. అయినా మా ఊరికి వద్దు అంటా ఉంది. లెక్కంటే అట్లా ఉండాల."

అందరూ చప్పట్లు కొట్టినారు. పెద్దాఫీసరు పెన్ను తీసి కాయితంలో అడుగు వరస మింద ఒక గీత గీసి, "నల్లా పణ్ణే మా" అని మెచ్చుకున్నాడు. పొన్నమ్మ ఆ పచ్చ వరసనే చూస్తా ఉండిపోయింది. దేవుడా, ఇదా పరీక్ష! మంచి సీసాకి మార్కులు వేస్తారనుకున్నాను గదా, చెడ్డ సీసాకి నీళ్ళిస్తారని నాకు ఎవురు చెప్పినారు? లేచి నిలబడి, అయ్యా ఆ నీళ్ళు ఆ ఊరివి కాదు అని అరిస్తే అయిపోయుండేది. గొంతు దాకా వచ్చింది. ముందర శోభన నవ్వు మొహంతో తల్లి కోసం వెతుకుతా ఉంది. పొన్నమ్మ కూడా చేతులెత్తి చప్పట్లు కొట్టింది.

పని జరిగింది. అదే ఘోరం. సర్కారు పని జరగదని తిట్టుకుంటాము గదా, ఈసారి చకచకా జరిగింది. రోడ్డు పక్కన కాలవ తవ్వి నీలం పైపులు పరుచుకుంటా వచ్చినారు. ఎర్రకండ్రిగ ముందర కూడా తవ్వినారు, ఊరు దాటి అవతలి ఊరికి పోయినారు. చెంగయ్య ఫోను చేసి అడిగినాడు. "అక్కా, మనకి కొళాయి లేదంట. మన నీళ్ళు మంచివని పైన రాసుకున్నారంట. మన శోభన చెప్పిందంటనే?" కోపం లేదు గొంతులో. కొంచెం గర్వం కూడా ఉంది. పొన్నమ్మ కుక్కరు విజిలేసిందని చెప్పి ఫోను పెట్టేసింది. పొయ్యి మింద కుక్కరే లేదు.

కంపెనీలో ఓటి వాషర్లు మంచి ట్రేలో వేసేసేది. మంచి వాషరు ఏదో, ఓటిది ఏదో కండ్లకి ఆనేది కాదు. శోభన ముందర అన్నం పెట్టి పక్క గదిలోకి పోయి నిలబడేది. చెప్తే బిడ్డ చదువు ఏమవుతుంది? ఇంత కష్టపడి రాసిందంతా అబద్ధమంటారేమో, ఆ పట్టా ఇయ్యరేమో. చెప్పకపోతే ప్రియంక ఆ బోరునీళ్ళే తాగాల. రెండు పక్కలా సొంత నెత్తురే. ఆ మధ్య శోభన కాయితాన్ని ట్రైనింగులో కొత్త బ్యాచికి నమూనాగా చూపిస్తా ఉన్నారంట. ఆ సంగతి బిడ్డ చెప్పిన రోజు పొన్నమ్మ పెట్టుకున్న అన్నం గిన్నెలోకి తిరిగి వేసేసింది.

వానలు వెలిసినాక మునెమ్మ ప్రియంకని తీసుకోని తిరువళ్ళూరు పెద్దాస్పత్రికి వచ్చింది. అయినాక ఇంటికి వచ్చినారు. ప్రియంక కింద కూర్చోని తినింది గానీ లేచేటప్పుడు గోడ పట్టుకునింది. ఎనిమిదేండ్ల పిల్ల, ముసిలిదాని మాదిరి మోకాలి మింద చెయ్యి పెట్టుకోని లేచింది. కాళ్ళు బయటి పక్కకి వంగుతా ఉండాయి.

"నీళ్ళ వల్లనంట వదినా" అంది మునెమ్మ. "నేను ఆ డాక్టరమ్మకి గట్టిగా చెప్పినాను. మా నీళ్ళు చానా మంచివి, మా ఆడబిడ్డ కూతురు పీహెచ్‌డీ చేసి చూసింది అని. వేరే ఏదో జబ్బు అయ్యుంటుంది, ఆయమ్మకి తెలీదేమో."

పాలిపోయింది శోభన మొహం. పొన్నమ్మ ఆమె వైపు చూడలేకపోయింది.

వాళ్ళని తిరుత్తణి రైలు ఎక్కించినారు. రైలు కదిలి, ప్రియంక కిటికీలో నుంచి చెయ్యి ఊపి పోయినాక, ప్లాట్‌ఫారం బెంచీ మింద పొన్నమ్మ కూలబడింది.

"శోభనా, ఆ సీసాల్లో పోసింది బోరునీళ్ళు కాదు. క్యాను నీళ్ళు. నేనే పొయ్యమన్నాను."

అంతా చెప్పింది. తిన్నెల మింద మాట్లాడిందీ, పరువు అనిందీ, హాల్లో పట్టిక చూసి నోరు మూసుకునిందీ. కొడుతుందో తిడుతుందో, ఏదో ఒకటి చేస్తే బాగుండునని చూసింది. శోభన పట్టాలకేసి చూస్తా కూర్చునింది.

"నాకు తెలుసు మా" అంది. "క్యాను సంగతి తెలీదు. ఆ లెక్క తప్పని తెలుసు. ప్రియంక పళ్ళు నేను చూడలేదా? చూసినాను. కంటితో చూసింది కథ అన్నాడు గదా సారు. మళ్ళా పట్టిస్తాను అంటే, మామ ఊరు కాబట్టి మొగ్గుతా ఉందంటారని సిగ్గేసింది. మనోళ్ళకి చేసుకునింది అనిపించుకోకూడదని…" ఆపింది. "చప్పట్లు కొట్టినారు గదా మా. నాకు బాగుండింది."

తల్లీబిడ్డలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోలేదు. పక్కపక్కన కూర్చునినారు, అంతే.

మరుసటి రోజు శోభన కోదండరామ ఇంటికి పోయి చెప్పింది. ఆయన "కాయితం లోపలికి ఎట్లా పంపాలో నేర్పినాను. పోయిన కాయితాన్ని వెనక్కి ఎట్లా తెచ్చుకోవాలో నాకే తెలీదు తల్లీ. ఆ లైను కొట్టించింది నేను" అని చొక్కా తొడుక్కోని తానే వెంట వచ్చినాడు. పొన్నమ్మని కూడా పిలుచుకోని ముగ్గురూ కలిసి పార్థిబన్ ఆఫీసుకి పోయినారు. శోభన తప్పు ఒప్పుకుంటా ఒక పేజీ రాసి పట్టుకోనుంది. ఒక్క పేజీనే.

ఆఫీసరు చదివినాడు. కసరలేదు. తలుపు మూయించినాడు.

"సార్, తప్పు నాది. నా బిడ్డది కాదు" అంది పొన్నమ్మ, కూర్చోమన్నా కూర్చోకుండా.

"ఉక్కారుంగమ్మా" అన్నాడు ఆయన మళ్ళా. తర్వాత శోభనకేసి తిరిగినాడు. "ఇది నేను తీసుకోని ముద్ర వేస్తే ఏమవుతుందో తెలుసా? ఒక ఊరి లెక్క తప్పంటే అన్ని ఊర్ల లెక్కా మళ్ళా తియ్యమంటారు పైన. అంతవరకూ పని ఆపమంటారు. కాంట్రాక్టరు పోతాడు, ఈ ఏటి డబ్బు వెనక్కి పోతుంది. మళ్ళా ఎప్పుడు వస్తుందో నేను చెప్పలేను. మిగతా ఊర్లలో పైపు ఇంగా ఇండ్లకి చేరలేదు. ఆడ కూడా బిడ్డలు ఉండారు. నీ లెక్కే చెప్పింది గదా, వాళ్ళ నీళ్ళు ఇంగా చెడ్డవని." ఆ పేజీని బల్ల మింద ఆమె వైపు మెల్లగా జరిపినాడు. "ఇస్తే తీసుకుంటాను. తీసుకోకుండా ఉండే హక్కు నాకు లేదు. నువ్వే చెప్పు. ఇప్పుడు నేను ఏం చెయ్యాల?"

కోదండరామ తల వంచుకున్నాడు. ఆయన నేర్పించిన ప్రశ్నే అది.

"ఎర్రకండ్రిగకి?" అంది శోభన.

"వచ్చే విడతలో చూస్తాము."

అది ఎప్పుడని ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. ఫ్యాను తిరుగుతా ఉంటే ఆ పేజీ అంచు లేస్తా పడతా ఉంది. శోభన చెయ్యి చాపి దాన్ని తీసుకోని, మడిచి, బ్యాగులో పెట్టుకునింది. పొన్నమ్మకి ఆ క్షణంలో ప్రియంక గుర్తొచ్చింది, ఎవురి బిడ్డలో తెలియని ఇంకా చానామంది కూడా గుర్తొచ్చినారు. బిడ్డ చేసింది మంచో చెడ్డో తెలుసుకునే శక్తి ఆమెకి లేకపోయింది. మెట్లు దిగేటప్పుడు శోభన గోడ పట్టుకోని దిగింది.

ఆదివారం పొన్నమ్మ ఒక్కతే ఎర్రకండ్రిగకి పోయింది. శోభన వస్తాననింది గానీ వద్దనింది. అదే తిన్నెల మింద ఆడోళ్ళందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. మీ నోటి కాడి నీళ్ళు నేను పడగొట్టినాను, నన్ను తిట్టండి, కొట్టండి అని ఏడ్చింది. ఎవురూ తిట్టలేదు. ఒకామె "ఏం చేస్తాము, మన రాత" అని లేచిపోయింది. మునెమ్మ కొంగు అంచు నలుపుకుంటా, "నువ్వు చెప్పకపోయినా అవే పోసుంటాము వదినా. ఊరి పేరు రాసున్న సీసాలో ఆ బోరునీళ్ళు పోస్తామా?" అంది. లోపలికి పోయింది.

చెంబు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఎండన పడి వచ్చినావు, తాగు అంది. పొన్నమ్మ నోటి కాడికి ఎత్తి, వాసన చూసి, దించింది. క్యాను నీళ్ళు.

"నాకు ఇవి వద్దు మునెమ్మా. మీరు తాగేవి ఇయ్యి."

"ఏం మాటలు వదినా అవి! ఇంటికొచ్చినదానికి ఆ నీళ్ళు ఇస్తానా?"

అంతలో ప్రియంక ఆడుకుంటా వచ్చింది, చెమట కారుతా, కాళ్ళు అటొకటి ఇటొకటి వేసుకుంటా. పొన్నమ్మ ఆ పిల్లని దగ్గరికి లాక్కోని చెంబు నోటికి పెట్టబోయింది. ప్రియంక మూతి పక్కకి తిప్పుకునింది. బుద్ధిగా, పెద్దోళ్ళు నేర్పింది నేర్పినట్టు చెప్పింది.

"అవి చుట్టాలకి అత్తా. నేను తాగకూడదు."

చెయ్యి విడిపించుకోని బోరు కాడికి పోయి, గొట్టం కింద దోసిలి పట్టి, కడుపు నిండా తాగింది.